బోర్లించిన పుట్టి

అడిగినదానికి జవాబు చెప్పకుండా ఏదో ఒక పని అప్పజెప్పడం వృద్ధ భిక్షువు సంఘసిరి థేరుడి అలవాటు. అందుకే శిష్యుడు కన్హుడు తన ప్రశ్నను చాలాకాలం నోట్లోనే నానబెట్టుకుని, రాజధాని విహారం పెద్దలు వస్తున్నారని కబురందిన నాడు బయటపెట్టాడు.

"భంతే, వాళ్ళ చైత్యానికి రాజు పునాది వేశాడు. మనదాని పుట్టుక అడిగితే ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఏదో ఒక రాజు పేరు చెప్పేస్తే పోదా?"

కృష్ణ ఒడ్డున పుట్టికొండ మీదున్న ఆ చైత్యం కథ అక్కడ పసిపిల్లలకూ తెలుసు. వెనకటికి వరదలో బుద్ధుడి అస్థిధాతువుల భరిణె కొట్టుకుపోతుంటే, జనాన్ని ఏరు దాటించే ఒక అవ్వ దాన్ని అందుకుని కొండెక్కించింది. కుండపోత వాన, పైన నిలువనీడ లేదు. వెదురుతో అల్లి తోలు కప్పిన తన గుండ్రటి పుట్టినే తెచ్చి దానిమీద బోర్లించింది. కూడు పెట్టే పుట్టిని మళ్ళీ ఏట్లోకి దించనేలేదు. జనం దానిమీదే మట్టి మెత్తి, ఇటుక పేర్చారు. కన్హుడు ఆ పుట్టివాళ్ళ ఇంటి బిడ్డే. భిక్షువైన నాటినుంచి ఆ ముక్క ఎవరి చెవినా పడనివ్వలేదు.

థేరుడు నవ్వాడు. "ముందు వెళ్ళి వాళ్ళను ఏరు దాటించు. తెడ్డు వెయ్యడం మరిచిపోలేదు కదా?"

గురువుకు తెలుసన్నమాట! కన్హుడు సిగ్గుతో చచ్చి, తెడ్డు అందుకుని ఏటికి దిగాడు.

పెద్దలు దాటి వచ్చి, ఇవతలి బండల మీద అడుగుపెట్టారో లేదో, వాన విరుచుకుపడింది. వాళ్ళలో పెద్దాయన తాళపత్రాల మూట మీదికి వంగిపోయాడు. "మా గురువుగారి చేతిరాత! ఇంకో ప్రతి లేదు నాయనా!"

కన్హుడు ఆలోచించలేదు. పుట్టిని నీళ్ళలోంచి లాగి, నెత్తికెత్తుకుని పరుగున వచ్చి, మూట మీద బోర్లించాడు. గాలికి లేవకుండా అంచు మీద మోకాలు ఆనించి కూర్చున్నాడు.

పెద్దాయన పుట్టిని చూశాడు. తలెత్తి కొండ మీది చైత్యాన్ని చూశాడు. "అది కట్టించిన రాజెవరు?" అన్నాడు మెల్లగా.

"రాజు కాదు భంతే. మా అవ్వ."

తలెత్తే అన్నాడు కన్హుడు. ఆ క్షణాన అతని గుండెలో పొంగిన గర్వం భిక్షువుకు తగినది కాదేమో, కానీ పొంగింది. పెద్దాయన చైత్యం వైపు తిరిగి, తడి బండ మీదే సాగిలపడి మొక్కాడు.

వాన తగ్గాక థేరుడు దిగి వచ్చాడు.

"ఉన్న కథే చెప్పాను భంతే," అన్నాడు కన్హుడు.

"వాన వెలిసిందిగా, ఈ పుట్టిని ఏట్లోకి దించు," అన్నాడు థేరుడు. తర్వాత కొండ పైకి చూశాడు. "అది మాత్రం అలాగే ఉండనీ. దాని వాన ఇంకా వెలవలేదు."