అడ్డాకు లేని ఎద్దు

ఇప్పచెట్ల అడవిలో ఎలుగు మామకు ఒక నూనె గానుగ ఉండేది. ఇప్పగింజలు ఏరి తెచ్చి అందులో పోసేది మామ, కళ్ళకు గంతలు కట్టుకుని దాని చుట్టూ తిరిగేది ఎద్దు సోమన్న. తొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాడు. మామ చెడ్డవాడేం కాదు, వేళకు మేత పెట్టేవాడు, ఏనాడూ కర్ర ఎత్తలేదు. అయినా సాయంత్రం గంతలు విప్పగానే పొద్దున చూసిన ఆ గానుగ మొద్దే మళ్ళీ ఎదురుగా కనిపిస్తే సోమన్నకు ఏడుపొచ్చేది.

ఒక మధ్యాహ్నం మేక చెంగమ్మ గానుగ పక్కన చిగుళ్ళు కొరుకుతూ అతన్ని చూసింది. నడుస్తున్న సోమన్న ఒకచోట ఆగి, కాలు ఎత్తి, జాగ్రత్తగా అవతలికి వేశాడు. అక్కడ కోడిగుడ్డంత రాయి పడి ఉంది.

"కళ్ళకు గంతలున్నాయి కదన్నా, రాయి ఉందని ఎట్లా తెలిసింది?"

"కాలికి తెలిసింది చెల్లీ. ముందు గిట్ట అంచు ఆనిస్తాను, నేల సరిగ్గా ఉంటేనే బరువు వేస్తాను."

"అబ్బో, పెద్ద విద్యే."

"విద్యా పాడా. తిరిగి తిరిగి అలవాటైంది." సోమన్న రెండు అడుగులు వేసి మళ్ళీ అన్నాడు. "నాకీ పని మీద మనసు పోయింది చెల్లీ. కాళ్ళ నొప్పులని కాదు. పొద్దంతా నడుస్తాను, ఎక్కడికీ చేరను. పోనీ మానేద్దామంటే, తిరగడం తప్ప నాకేం వచ్చు?"

"వాగు పనికి ఎవరో కావాలంటోంది గేదె పెద్దమ్మ. వెళ్ళి అడగరాదూ?"

వాగు పనంటే ఆ అడవిలో చిన్న పని కాదు. తొలకరి పడ్డాక మంచి గడ్డి అంతా వాగు అవతలే ఉంటుంది. మందనంతా రోజూ అటూ ఇటూ దాటించాలి. ఇన్నాళ్ళూ గేదె పెద్దమ్మే ముందు నడిచేది. ఇప్పుడు ఆమె మోకాళ్ళు పట్టేశాయి. తొలి వరద వచ్చిన రోజున తన తర్వాత ఎవరో తేల్చేస్తానంది.

సోమన్న ఆశగానే బయల్దేరాడు. కానీ దారిలో నక్క పంతులు బడి ఉంది. పంతులు పెద్ద పెద్ద అడ్డాకుల మీద ఎర్రమట్టితో తన పంజా ముద్ర వేసి, చదువు పూర్తిచేసిన వాళ్ళ మెడలో కడుతుంటాడు. తన మెడలో అందరికన్నా పెద్ద ఆకు కట్టుకున్నాడు. దాని మీద ముద్ర కూడా ఆయనదే.

"వాగు పనా?" అని పంతులు సోమన్నను పైనుంచి కింది దాకా చూశాడు. "మెడలో ఆకేది?"

"లేదండీ."

"ఆకు లేకుండా పని ఎవరిస్తారు నాయనా? గానుగ తిప్పినవాడికి వాగు సంగతి తెలుసని ఎవరు నమ్ముతారు? మన దగ్గర చేరు. రోజూ దోసెడు ఇప్పపూలు పట్టుకురా, చాలు."

సోమన్న నమ్మాడు. నమ్మడానికి కారణం పంతులు తెలివి ఒక్కటే కాదు. తనకేమీ రాదని సోమన్న అప్పటికే అనుకుంటున్నాడు, పంతులు అదే మాట పైకి అన్నాడు. పగలంతా గానుగ తిప్పి, సాయంత్రం పూలు మోసుకెళ్ళి పాఠం వల్లించేవాడు. వాగుకు మూడు భాగాలు, ఈ ఒడ్డు, ఆ ఒడ్డు, నడుమ నీళ్ళు. ఇదీ పాఠం. దీనికి రెండు నెలలు పట్టింది. ఆకు ఎప్పుడిస్తారని అడిగితే, "ఇంకా రాళ్ళ పాఠం ఉంది, ఇసక పాఠం ఉంది. వచ్చే తొలకరి దాకా చదవాలి" అన్నాడు పంతులు.

ఇంతలో ఈ తొలకరే వచ్చేసింది. రాత్రంతా కురిసిన వానకు తెల్లారేసరికి వాగు ఎర్రగా పొర్లుతోంది.

సోమన్న ఎలుగు మామ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "మామా, ఇవాళ వాగు దగ్గరికి వెళ్తాను. పని దొరికితే ఇక రాను."

మామ గంతలు చేతిలోకి తీసుకున్నాడు. "తొమ్మిదేళ్ళు నమ్మకంగా చేశావు, కాదననురా. గంతలు కొయ్యకు తగిలించి సాయంత్రం దాకా చూస్తాను. రాకపోతే పై ఊరి దున్నను పెట్టుకుంటాను. ఆ తర్వాత వచ్చినా నీకు ఇక్కడ చోటుండదు. ఆలోచించుకో."

సోమన్న ఆ కొయ్య వైపు ఒకసారి చూశాడు. అయినా వెళ్ళాడు.

ఒడ్డున మందంతా చేరింది. పంతులు ముందే వచ్చి గేదె పెద్దమ్మ పక్కన నిలబడ్డాడు. సోమన్నను చూసి గొంతు సవరించుకున్నాడు. "మెడలో ఆకు లేనివాళ్ళు వెనక్కి జరగాలి. పిల్లాజెల్లా ప్రాణాలతో పని ఇది."

సోమన్న తల దించుకుని గానుగ వైపు తిరిగాడు. చెంగమ్మ అతని దారికి అడ్డంగా నిలబడి పంతులుతో మర్యాదగా అంది.

"నిజమే పంతులుగారూ. ప్రాణాలతో పని, ఆకు చూసే దిగాలి. ఇక్కడ అందరికన్నా పెద్ద ఆకు ఎవరిది?"

"నాదే."

"అయితే మీరే ముందు నడవండి. నా పిల్లలు రెండూ మీ వెనకే దిగుతాయి."

పంతులు మొహం మాడిపోయింది. "నేను చెప్పేవాడినే గానీ..."

"చెప్పేవారికి తెలియనిది చదివినవారికి ఎట్లా తెలుస్తుందండీ?"

మందంతా తననే చూస్తోంది. దిగనంటే బడి మూతపడుతుంది. ఇన్నేళ్ళూ తోక కూడా తడవని పంతులు నీళ్ళ వంక గుడ్లప్పగించి చూసుకుంటూ దిగాడు. ఎర్రనీళ్ళలో ఏం కనిపిస్తుంది? మూడో అడుగుకే గుంటలో పడి కొట్టుకుపోయాడు. ఆకు ఒకవైపు, ఆయన ఒకవైపు.

సోమన్న ఆలోచించలేదు. నీళ్ళలోకి దిగి కళ్ళు మూసుకున్నాడు.

"పెద్దమ్మా, కళ్ళు మూసుకున్నాడేమిటి?" అంది ఒక గొర్రె.

"ఊరుకో. ఈ నీళ్ళలో తెరిచిన కళ్ళు మాత్రం ఏం చూస్తాయి?"

గిట్ట అంచు ఆనించాడు. ఇసక, జారుతోంది. పక్కకు ఆనించాడు. రాయి, గట్టిగా ఉంది. బరువు వేశాడు. తొమ్మిదేళ్ళు చీకట్లో నడిచిన కాళ్ళవి, వాటికి వాగు కొత్త గానీ నేల కొత్త కాదు. పొదకు చిక్కుకున్న పంతులుకు తోక అందించి అవతలి ఒడ్డుకు లాగాడు. అదే దారిన వెనక్కి వచ్చి, చెంగమ్మ పిల్లల్ని తన పక్కన నడిపిస్తూ మందనంతా దాటించాడు.

"ఎక్కడ నేర్చుకున్నావురా?" అని గేదె పెద్దమ్మ అడిగింది.

"గానుగ దగ్గర" అన్నాడు సోమన్న. ఆ మాట తన నోట్లోంచి రావడం అతనికే వింతగా అనిపించింది. పనికిరావనుకున్న ఏళ్ళు అవి.

ఆ సాయంత్రం కొయ్యకున్న గంతలు కొయ్యకే ఉన్నాయి. ఎలుగు మామ వాటిని ఒకసారి చేత్తో తుడిచి, దున్నకు కబురు పంపాడు.

మర్నాడు పంతులు తుమ్ముతూ వాగు దగ్గరికి వచ్చాడు. "అన్నా, నువ్వు మా బడిలో చదివావని నలుగురికీ చెప్పుకుంటాను. ఏమీ అనుకోవు కదా?"

"చెప్పుకోండి పంతులుగారూ. కాకపోతే ఆ నలుగురినీ ఇక్కడికే పిలుచుకొచ్చి, నీళ్ళలో నిలబడి చెప్పండి."

పంతులు నీళ్ళ వంక చూశాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆయన ఆకును చెంగమ్మ అప్పటికే సగం నమిలేసింది. ఆయన వెనక్కి తిరిగాడు.

నీతి: కొత్త పని వెతుక్కునేవాడు మెడలో ఏముందని కాదు, పాత పనిలో తన కాళ్ళు ఏం నేర్చుకున్నాయని చూసుకోవాలి.