బొల్లి డొక్కలో రెండు తన్నులు

గుట్టకు పడమటి వాలులో, రేగుపొదలు తప్ప వేరే నీడలేని బీడు మీద నూరు గొర్రెల మంద ఒకటి మేస్తుండేది. ఆ గొర్రెలకు వచ్చిన చదువు ఒక్కటే. ముందున్నది ఎటు పోతే అటు పోవడం, అది దూకితే దూకడం, ఆగితే ఆగడం. ఎందుకని అడిగిన గొర్రె ఆ మందలో అప్పటిదాకా పుట్టలేదు.

ఆ మందలోదే బొల్లి. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం గుప్పెడంత తెల్లమచ్చ. పోయినేడు తొలిసారి ఈని ఒక పిల్లను పెంచింది. ఈ ఏడు మళ్లీ సూడిది. ఈసారి నాలుగో నెల దాటగానే డొక్కలు రెండూ ఉబ్బిపోయి, నడుస్తుంటే పొట్ట రాళ్లకు తగులుతోంది. మందంతా గుట్టెక్కేసరికి బొల్లి ఇంకా కిందే ఆయాసపడుతోంది.

ఒకరోజు అలాగే వెనకబడి రేగుపొద పక్కన చతికిలబడింది. దాన్ని చూసి గంగవ్వ వెనక్కి వచ్చింది. గంగవ్వ ఆ మందలో ఉన్న ఒకే ఒక్క మేక. పది ఈతలు ఈనిన ముసలిది. ఒక కొమ్ము విరిగింది గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏమే, తిన్నది అరగలేదా?"

"తెలీదు అవ్వా. ఊపిరి అందట్లేదు. లోపలిది ఒకేసారి రెండు వైపులా తన్నుతోంది."

"రెండు వైపులానా?"

గంగవ్వ తన గడ్డాన్ని బొల్లి కుడి డొక్కకు ఆనించి కదలకుండా నిలబడింది. తర్వాత ఎడమ పక్కకు వచ్చింది. మళ్లీ కుడికి పోయింది.

"ఇటు తన్నే కాలూ అటు తన్నే కాలూ ఒక్కదానివి కావే. రెండున్నాయి."

"రెండేంటి?"

"పిల్లలే! గులకరాళ్లనుకున్నావా?"

బొల్లికి నవ్వు రాలేదు. సంతోషమూ రాలేదు. రావాలి కదా అనుకుంది, అయినా రాలేదు.

"గొర్రెకు రెండేంటవ్వా? అది మీ మేకల వరస. మా అమ్మకు ఈతకు ఒకటే. మా అమ్మమ్మకూ ఒకటే. ఈ మందలో ఎవరికైనా రెండు పుట్టగా చూశావా?"

"చూళ్లేదు. ఇప్పుడు చూస్తాను."

"ఈ ఎండుగడ్డి తింటే ఒక్కదానికే పాలు దిగవు. ఇద్దరికీ ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"దేవుడు నీకు రెండు చన్నులు ఇచ్చాడు కదే. రెండోది అందం కోసమనుకున్నావా?" అని గంగవ్వ మేతకు పోయింది.

సాయంత్రానికి మాట మందంతా పాకింది. ఒక గొర్రె "అరిష్టం" అంది. అంతే, నూరు గొర్రెలూ "అరిష్టం, అరిష్టం" అన్నాయి. బొల్లి పక్కన పడుకునేవి కూడా కాస్త దూరం జరిగి పడుకున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం బొల్లి వాగులో నీళ్లు తాగుతుంటే, అవతలి ఒడ్డున జమ్ము కదిలింది. అందులోంచి నక్క తల బయటికి వచ్చింది. కాపరి కుక్క కూతవేటు దూరంలో ఉంది కాబట్టి నక్క అడుగు ముందుకు వేయలేదు. గొంతు మాత్రం విప్పింది.

"భయపడకు చెల్లెమ్మా. నేనూ ఒక తల్లికి పుట్టినవాణ్ణే. నీ సంగతి విన్నాను. మనసు కలుక్కుమంది."

"నా సంగతి నీకెవరు చెప్పారు?"

"నూరు నోళ్లు ఒకే మాట అరుస్తుంటే గుట్ట అవతలికి వినపడదా? సరే, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. రెండిటినీ సాకగలవా?"

నిన్నటి నుంచీ ఆ ప్రశ్నే బొల్లి లోపల తిరుగుతోంది. బయటికి అడిగినవాడు నక్క ఒక్కడే.

"పాలు చాలవు. ఒకటి తాగుతుంటే ఇంకోటి ఏడుస్తుంది. చివరికి రెండూ నీరసించి పోతాయి," అని నక్క నిట్టూర్చింది. "ఒకటి నాకివ్వు. నాకు పిల్లాజెల్లా లేరు, కంటికి రెప్పలా చూసుకుంటా. నొప్పులు మొదలవగానే ఎవరికీ చెప్పకుండా వాగు మలుపులో ఉన్న పొద దగ్గరికి ఒక్కదానివే రా. ఒకటి నాకిచ్చి, రెండోదాన్ని తీసుకుని మందలోకి పో. గొర్రెకు ఒకటే పుట్టిందంటారు. అరిష్టమన్న నోళ్లన్నీ మూతపడతాయి."

చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆ క్షణంలో బొల్లికి ఒళ్లు తేలికైనట్టనిపించింది. నోరు తెరిచి ఒక మాట అడిగింది.

"ఏది ఇవ్వాలి?"

"నీ ఇష్టం. నాకు రెండూ ఒకటే."

ఆ సాయంత్రం బొల్లి మందకు కాస్త ఎడంగా పడుకుని నెమరు వేసింది. గడ్డితో పాటు నక్క మాటలూ పైకి వచ్చాయి. ఏది ఇవ్వాలి? కుడి పక్కది పొద్దు పొడవగానే తన్నడం మొదలుపెడుతుంది, దుడుకుది. ఎడమ పక్కది నింపాదిది. తల్లి నీళ్లు తాగినప్పుడు మాత్రం మెల్లగా ఒత్తిగిల్లుతుంది. దుడుకుదాన్ని ఇవ్వాలా, నింపాదిదాన్ని ఇవ్వాలా? ఎంతకీ తేలలేదు. వాటి ముఖాలు ఇంకా చూడనే లేదు, అప్పుడే ఏది ఏదో తనకు తెలుసు. నక్కకు మాత్రం రెండూ ఒకటేనట.

అక్కడ దవడ ఆగింది. మరో మాట పైకి వచ్చింది. వాడికి కావలసింది పిల్ల ఒక్కటే అయితే, తల్లి ఒంటరిగా వాగు మలుపుకు రావడం ఎందుకు?

ఆ మందలో ఒక గొర్రె ఎందుకని అడగడం అదే మొదలు.

తెల్లవారగానే బొల్లి ఒడ్డుకు పోయి పిలిచింది. "నక్కన్నా! అంతదూరం నడవడం నావల్ల కాదు. దొడ్లోనే ఈని, ఒక పిల్లను కంచె బయట పెడతా. వచ్చి తీసుకుపో."

నక్క ముఖం మారింది. "అయ్యో, అదెలా కుదురుతుంది? పురిటి పిల్ల తల్లి లేకుండా ఉంటుందా? నువ్వు రావాల్సిందే. ఒక్కదానివే రావాలి. నొప్పులు గట్టిగా ఉన్నప్పుడు, లేవలేని స్థితిలో ఉన్నప్పుడు వస్తే ఇంకా మంచిది."

"ఎందుకని?"

"ఎందుకేమిటి? నీ మేలు కోరి చెబుతున్నా."

బొల్లికి కావలసిన జవాబు దొరికింది. "సరే అన్నా, వాగు మలుపుకే వస్తా. రేపు మధ్యాహ్నానికి నొప్పులు వచ్చేలా ఉన్నాయి. నా మూలుగు వినపడగానే రా," అని నెమ్మదిగా వెనక్కి తిరిగింది. నేరుగా గంగవ్వ దగ్గరికి పోయింది.

జరిగిందంతా చెప్పి, చివర దాచలేక అదీ చెప్పింది. "నేను ఒప్పుకోబోయాను అవ్వా. ఏది ఇవ్వాలని కూడా అడిగాను."

ముసలిమేక తిడుతుందనుకుంది. గంగవ్వ తిట్టలేదు.

"నా మొదటి ఈతలో ఇద్దరని తెలిసి మూడు రోజులు మేత ముట్టలేదే నేను. ఒకటి కడుపులోనే పోతే బాగుండుననుకున్నా. మనసులోకి వచ్చిన ప్రతిదీ మనం చేసినట్టు కాదు. ఏడుపు తర్వాత, ముందు కర్రి దగ్గరికి పద."

కర్రి కాపరి కుక్క. కందిచేను గట్టు కింద ఆరు కూనలను వేసుకుని పడుకుని ఉంది. సంగతంతా విని చెవులు నిక్కబొడుచుకుంది.

"రెండిటికే ఇంత దిగులా? ఇక్కడ ఆరున్నాయి, ఒక్కదానికీ ఓపిక లేదు. ఆ నక్కను నాకు వదిలెయ్. నా కూనలను మాత్రం నేను వచ్చేదాకా ఎవరైనా చూడండి."

"నేను చూస్తాలే," అంది గంగవ్వ. "పొమ్మన్నా పోయేవాళ్లలా లేరు వీళ్లు."

మర్నాడు మధ్యాహ్నం కాపరి అంబలి తాగుతూ పక్కన పెట్టిన గొంగడిని కర్రి నోట కరుచుకుని వాగు మలుపుకు లాక్కుపోయింది. పొదలో దూరి, దాన్ని ఒంటి మీదికి లాక్కుని ముడుచుకు పడుకుంది. నల్లటి గొంగడి, నిండా గొర్రె వాసన. గట్టు మీద బండ చాటున బొల్లి నిలబడి మూలిగింది. నటించాలనుకుంది గానీ, ఆ మూలుగులో సగం నిజమే.

గోతికాడ నక్క అని ఊరికే అనలేదు. పొద్దుటి నుంచీ కాచుకున్న నక్క జమ్ములోంచి బయటికి వచ్చింది. పొదలో నల్లటి ఆకారం చూసింది. చుట్టూ ఎవరూ లేరు. ఇక మాటలకు తేనె పూయాల్సిన పనేముందనుకుందో ఏమో, లొట్టలేస్తూ పైకే అంది.

"ఒకటి అడిగితే మూడు దక్కుతున్నాయి! పిల్లలు రెండు, తల్లి ఒకటి!"

ఒక్క దూకు దూకి గొంగడి మీద పడింది. గొంగడి లేచింది. కిందనుంచి కోరలు లేచాయి. నక్క అరిచిన అరుపుకు వాగులో కొంగలన్నీ ఎగిరిపోయాయి. కర్రి దాన్ని మొగిలిపొదల దాకా తరిమి, సగం చెవి నోట పెట్టుకుని తిరిగి వచ్చింది.

బొల్లికి నిజం నొప్పులు రెండో రోజు పొద్దున, దొడ్డిలోనే, మంద మధ్యలోనే వచ్చాయి. దుడుకుది ముందు పుట్టి, పడుతూ లేస్తూ అప్పుడే పాలకు వెతుక్కుంది. రెండోది నేల మీద పడి కదలలేదు. గొర్రెలన్నీ ఊపిరి బిగబట్టి చూశాయి.

"నాకు! ముక్కు నాకు! ఆపకు!" అని గంగవ్వ అరిచింది.

బొల్లి నాకింది. నాలుక ఎండిపోయేదాకా నాకింది. ఎంతసేపని ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి ఆ పిల్ల ఒకసారి తుమ్మి, చాలా నింపాదిగా "మే" అంది. ఆ సన్నటి గొంతు విన్నాక గానీ, ఇన్నాళ్లూ రాని సంతోషం బొల్లికి రాలేదు. నిన్నటిదాకా ఎడంగా పడుకున్న గొర్రెల్లో ఒకటి మెల్లగా వచ్చి, దాని డొక్కకు తన డొక్క ఆనించి నిలబడింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. తర్వాత మామూలే, అన్నీ వచ్చాయి.

గుట్ట అవతల నక్కను ఒక కుందేలు దూరంనుంచే అడిగిందట, చెవికి ఏమైందని. "రేగుముల్లు గీసుకుంది," అని నక్క తల తిప్పుకుని, ఆ వాగు వైపు నీళ్లకు కూడా వెళ్లడం మానేసింది.

బరువు పంచుకుంటానన్నవాడు ఒంటరిగా రమ్మన్నాడంటే, వాడు మోయడానికి కాదు, మింగడానికి వస్తున్నాడు.