అరరాతమ్మ: కొర్రలదిన్నెలో కలుసుకునే తిరగలి

కొర్రలదిన్నెకు వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. బస్సు దిగి, రెండు గుట్టల మధ్య ఉన్న గండి దాటి, ఎర్రమట్టి బాట పట్టుకుని నడిస్తే గడ్డి కమ్మిన పొడవాటి దిన్నె కనిపిస్తుంది. తొందరపడకుండా చూస్తే ఆ గడ్డిలో ఇళ్ళ పునాదులు వరసగా తేలి ఉంటాయి. గడపరాళ్ళున్నాయి, వాటికి ఇళ్ళు లేవు. వీధి ఉంది, నడిచేవాళ్ళు లేరు. ఆ వీధి నడుమన ఒక ఇంటి పునాదిలో, మోకాలెత్తు రాతి గోడ లోపల అరరాతమ్మ ఉంది.

అమ్మవారంటే నేలలో పాతుకున్న గుండ్రటి రాయి. మధ్యలో ఇనుప మేకు. తిరగలిలో కింది రాయి అన్నమాట. పై రాయి ఉండదు. దాన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు. "ఇదేం దేవత, మా అవ్వది ఇట్లాంటిదే అటక మీద పడి ఉంది" అంటారు. అటక మీద పడేసిన వాళ్ళకే ఈ కథ ముందు చెప్పాలి.

ఇంకొకటి. గండి దగ్గర కురుబ పెద్ద ఒకాయన దారికి అడ్డంగా కర్ర చాపి, "ఎవురు మీరు? ఏంటికొచ్చినారు?" అని గద్దిస్తాడు. కారులో వచ్చినా, కాలినడకన వచ్చినా అదే గద్దింపు. ఎవరూ నొచ్చుకోవద్దు. అది ఈ స్థలంలో మొదటి పూజ. అది ఎట్లా మొదలైందో వినండి.

పూర్వం ఇక్కడ కొర్ర పండించుకుని బతికే కాపుల ఊరు ఉండేది. ఆ సీమను ఏలే పాళెగానికి కంబళ్ళ మీద ఆశ పుట్టింది. దండులకు కంబళ్ళు కావాలి, కంబళ్ళకు ఉన్ని కావాలి, ఉన్నికి గొర్రెలు కావాలి, గొర్రెలకు గడ్డి కావాలి. గడ్డి మొలవాల్సిన చోట మనుషులు అడ్డంగా ఉన్నారని ఆయనకు తోచింది. మనుషులను లేవగొట్టడం ఏలేవాళ్ళకు ఏ కాలంలోనూ కష్టం కాలేదు. బంట్లు వచ్చి ఇళ్ళ కప్పులు పీకేశారు. పొయ్యి మీది అన్నం దించుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఊరి నడుమ ఒక ఇల్లుండేది. చవిటి నేలలో తీసిన ఉప్పు గడ్డలను ఊరందరికీ ఆ ఇంటి తిరగలిలోనే విసిరి ఇచ్చేవారు. ఆ ఇల్లాలు తిరగలి ముందు నిలబడింది. కింది రాయి నేలలో పాతినది, పెకలదు. ఆమె పై రాయిని మేకు నుంచి ఊడదీసి నెత్తిన పెట్టుకుంది. "ఇది నా దగ్గరుంటే నా ఇంట్లో ఇంకొకరు పిండి విసరలేరు" అని గండి దాటి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఊరంతా ఆమె వెనకే పోయి తలా ఒక దిక్కుకు చెదిరింది.

పాళెగాడు ఎక్కడి నుంచో కురుబలను గొర్రెలతో సహా రప్పించి, ఇది ఖాళీ నేల, మేపుకోండి అన్నాడు. కొన్ని తరాలకు పాళెగాడి వంశమూ పోయింది, కోటా కూలింది. కురుబలు మాత్రం ఉండిపోయారు.

వాళ్ళలో మాళింగప్ప అనే పెద్ద ఒకడు. ఎవరినీ నమ్మే మనిషి కాదు. మబ్బు పట్టినా, ఇది ఎవరి చేలో కురవడానికి పోతోందో అని అనుమానంగా చూసేవాడు. దానికి కారణం లేకపోలేదు. దొడ్డి కోసం గుంజలు పాతబోతే నేలలోంచి బూడిద వచ్చింది, కుండ పెంకులు వచ్చాయి, ఒకసారి ఆడవాళ్ళ గాజు ముక్కలు వచ్చాయి. ఖాళీ నేలలో గాజులెందుకుంటాయి? ఆ ప్రశ్న మాళింగప్ప నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని అడిగితే బదులు చెప్పడానికి ఎవరో ఒకరు వస్తారని అతని భయం.

ఒకనాడు అతని మందలోని ముసలి గొర్రె ఒకటి గడ్డిలో ఒకచోట మూతి పెట్టి కదలలేదు. అదిలించినా రాలేదు. దాని వెనక మిగతావీ చేరి నేలను నాకసాగాయి. మాళింగప్ప గడ్డి పీకి మన్ను తోడితే గుండ్రటి రాయి, మధ్యలో ఇనుప మేకు బయటపడ్డాయి. కురుబల గుడారాల్లో చిన్న రోలే తప్ప తిరగలి లేదు. నేలలో పాతిన తిరగలి రాయిని వాళ్ళెప్పుడూ చూసి ఎరగరు. గొర్రెలు మొక్కిన రాయి అమ్మవారే అనుకున్నారు. మేకు ఆమె ముక్కుపుడక అన్నారు. పసుపు పూశారు, చుట్టూ పడి ఉన్న ఇళ్ళ రాళ్ళే ఏరి గోడ కట్టారు. ఆ ఏడు మందలో తెగులు రాలేదు. మాళింగప్ప జన్మలో మొదటిసారి ఒకరిని నమ్మాడు. ఆ రాయిని నమ్మాడు.

ఆ తర్వాత ఒక ఎండాకాలం గండి వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. పేరు అక్కులమ్మ. నెత్తిన బరువైన మూట. ఆమె ఎవరినీ పలకరించలేదు. దిన్నె మీద ఒక్కొక్క పునాదీ చూస్తూ, గడపరాళ్ళ మీద నిలబడి గండికేసి తిరిగి కళ్ళు చికిలించి చూస్తూ నడిచింది. మాళింగప్పకు ఒళ్ళు మండింది. నిధుల కోసం తవ్వేవాళ్ళు ఇట్లాగే చూస్తారు. నేల కొలిచేవాళ్ళూ ఇట్లాగే చూస్తారు. వెంటనే పోయి తన గొంగడి తీసి అమ్మవారి మీద కప్పి, వచ్చి కర్ర అడ్డం పెట్టాడు.

"ఎవురవ్వా నువ్వు? ఏంటికొచ్చినావు?"

"మా ఇల్లు చూసుకుందామని వచ్చినా."

"ఇండ్లేడుండాయి ఈడ? గొర్రెలుండాయి, గడ్డుంది."

"ఆ గడ్డి కిందనే ఉందప్పా. గడపలో నిలబడితే గండి ఎదురుగా కనపడుతుందని మా అవ్వ చెప్పింది. నేలలో పాతిన తిరగలి రాయి ఉండాల. చూసినావా?"

మాళింగప్ప కర్ర గట్టిగా పట్టుకున్నాడు. తిరగలి రాయి ఎట్లా ఉంటుందని అడగాలనిపించింది, అడగలేదు. "రాయీ లేదు, రప్పా లేదు. వచ్చిన దారినే పో" అన్నాడు.

"నీకు నా మీద అనుమానం."

"ఉండదా మరి! మూటలో ఏముంది?"

"నీకెందుకు చూపించాల? మా గోడల రాళ్ళతో దొడ్డి కట్టుకున్న మనిషివి, రేపు ఇది కూడా నాదే అంటావు" అందామె.

అనుమానంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు.

మాళింగప్ప భార్య కరియమ్మ మాత్రం ముసలామెను ఎండలో నిలబెట్టలేక గుడారం నీడకు పిలిచి సంకటి పెట్టింది. "మా ఆయన నన్ను గూడా ఇట్లనే చూస్తాడమ్మా, పెండ్లయిన కాడ్నుంచీ. నువ్వేం బాధపడాకు" అని నవ్వింది. తింటూ అక్కులమ్మ తన సంగతి చెప్పుకుంది. వాళ్ళింట పెళ్ళి జరిగితే కొత్త కోడలు తిరగలి విసిరి, ఆ పిండితో వంట చేసి పెద్దలకు పెట్టాలి. అప్పుడే ఆ ఇంటి మనిషి అవుతుంది. పోయిన చోటల్లా కొత్త కింది రాయి చేయించారు. ఏదీ కుదరలేదు, పై రాయి గడగడలాడేది. అవ్వ, అత్త, తాను, ముగ్గురూ విసరకుండానే కోడళ్ళయ్యారు. "ఎవురింటికీ చెందకుండా పోతానేమోనని భయంగా ఉంది తల్లీ" అంది.

గుడారం వెనక నిలబడి మాళింగప్ప అంతా విన్నాడు. కథలల్లడంలో ఆరితేరిందని మనసులో అనుకున్నాడు.

అక్కులమ్మ కొన్నాళ్ళు అక్కడే ఉండి దిన్నె అంతా వెతికింది. గోడ లోపలికి మాత్రం మాళింగప్ప పోనివ్వలేదు. అక్కడ మా దేవత ఉంది, మైల అవుతుంది అన్నాడు. ఒక మధ్యాహ్నం ఆమె మూట పక్కన పెట్టి కునుకు తీస్తుంటే ముసలి గొర్రె వచ్చి ఆ మూటను నాకసాగింది. దాని వెనక మిగతావీ వచ్చాయి. మాళింగప్ప అది కళ్ళారా చూశాడు. అవే గొర్రెలు, అదే నాకడం. అయినా, ముసలిది మూటకు ఉప్పు పూసి ఉంటుంది, మాయలమారి, అని సర్దిచెప్పుకుని తుమ్మచెట్టు నీడలో పడుకున్నాడు.

ఆ నిద్రలో అమ్మవారు కనిపించింది. మెడ దాకానే ఉంది, తల లేదు. మాట మాత్రం వినిపించింది. "నన్ను గొంగడి కింద ఎందుకు దాచినావురా? దొంగసొమ్మునా నేను? నా సగం ఒక ముసల్ది నెత్తిన మోసుకుని తిరుగుతోంది. నాకు ఆకలిగా ఉంది."

మాళింగప్ప ఉలిక్కిపడి లేచాడు. ముందు కలనే అనుమానించాడు. "ఇది గూడా ఆ అవ్వ పనేనా?" అని కరియమ్మను అడిగాడు.

"కలలో గూడా పొరుగోళ్ళు జొరబడతారంటే నీ మాదిరి మనిషిని నేనేడా చూడలేదు. అమ్మవారే నీకు అబద్ధమాడిందంటే ఇంగ నువ్వు మొక్కేది ఎవురికి?" అంది కరియమ్మ.

ఆ మాట అతనికి తగిలింది. అనుమానంతో బతకడం అలవాటైన మనిషికి కూడా ఒకచోట నమ్మకం కావాలి. అతనికున్నది ఆ ఒక్క రాయే. ఇప్పుడు ఆ రాయి చెప్పిందే నమ్మకపోతే ఇంకేమీ మిగలదు. నమ్మితే, తన దేవత ఒకరింటి తిరగలి అవుతుంది, తన కాళ్ళ కింది నేల ఒకరి వాకిలి అవుతుంది.

మాళింగప్ప లేచి పోయి గొంగడి లాగేశాడు. "అవ్వా, రా. మూట విప్పు" అని పిలిచాడు.

కురుబలంతా గోడ చుట్టూ మూగారు. అక్కులమ్మ పై రాయిని బయటికి తీసింది. ఎత్తలేకపోతే మాళింగప్పే అందుకున్నాడు. రాయి మధ్య కన్నాన్ని మేకు మీదికి తెచ్చి దించాడు. అది కూర్చుంది. గడగడలాడలేదు. అక్కులమ్మ గుప్పెడు కొర్రలు పోసి విసిరితే సన్నని పిండి రాలింది, ఉప్పుప్పగా. ఆమె ఏడవలేదు. పిండిని నీళ్ళతో కలిపి పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఆ ఇంటి గడపరాయి మీద పెట్టింది. ముసలి గొర్రె వచ్చి ఆమె చేతిలో మిగిలింది తినింది.

అందరి మనసులోనూ ఒకటే భయం. ఇంక లేచిపొమ్మంటుంది. మాళింగప్పే అడిగేశాడు.

"చెప్పవ్వా. ఎప్పుడు పొమ్మంటావు మమ్మల్ని?"

అక్కులమ్మ చేతికంటిన పిండి దులుపుకుంది. "లేచిపోవడం ఎట్లుంటాదో నాకు తెలుసప్పా. ఆ మాట నా నోట రాదు. అయినా నిన్ను నేను నమ్మను. పై రాయి ఈడ వదిలితే రేపు అంతా మాదే అంటారు మీరు. నా రాయి నేను తీసకపోతా."

"నేను గూడా నిన్ను నమ్మను. కింది రాయి కదిలించనీను. అది మా అమ్మవారు."

"కదిలించొద్దు. నువ్వే కాపలా కాయి. ఏటేటా కొర్ర కోతలైనాక మొదటి ఆదివారం వచ్చి, నువ్వు రాయి మార్చినావేమో విసిరి చూసుకుంటా."

"రా. నువ్వు తెచ్చేది అదే రాయో కాదో నేను గూడా చూస్తా."

ఇద్దరి అనుమానం మీద కుదిరిన ఒప్పందం అది. నమ్మకం మీద కుదిరిన ఒప్పందాలు ఎన్నో చెడిపోయాయి, ఇది చెడలేదు. అమ్మవారు సగంగానే ఉండిపోయింది కనుక అరరాతమ్మ అయింది.

మరుసటి ఏడు కొర్ర కోతలై ఆ ఆదివారం వచ్చినా అక్కులమ్మ రాలేదు. "చూసినారా, మోసం చేసింది" అని మాళింగప్ప పొద్దుటి నుంచి అందరితో అన్నాడు. అంటూనే గండి దాకా పోయి చూసి వచ్చాడు. మళ్ళీ పోయాడు. చివరికి గండి దాటి అవతలి దారి పట్టాడు. చాలా దూరంలో ఒక బండ మీద అక్కులమ్మ కూర్చుని ఉంది. పక్కన మూట, ఇంకో పక్కన కొత్త కోడలిని వెంటబెట్టుకుని వచ్చిన కొడుకు. కొడుకు మూట ఎత్తబోతే ఆమె ఒప్పుకోవడం లేదు. తనకా నడిచే శక్తి లేదు.

"ఎవురు మీరు? ఏంటికొచ్చినారు?" అన్నాడు మాళింగప్ప, ఆయాసపడుతూనే.

"ఇంటికి పోతాండామప్పా" అంది అక్కులమ్మ.

మాళింగప్ప కర్ర దించాడు. గొంగడి చుట్ట చేసి తలకు పెట్టుకుని, "ఎక్కించు. బరువు సరిగ్గా ఉందో లేదో నేను గూడా చూడాల కదా" అన్నాడు. దారంతా గొణుగుతూ రాయిని మోసుకొచ్చాడు. ఆ కొత్త కోడలు అమ్మవారి మీద తిరగలి విసిరింది. ఆ వంశంలో విసిరి ఇంటి మనిషైన కోడలు, మూడు తరాల తర్వాత, ఆమే. అక్కులమ్మ అది కళ్ళతో చూసి, ఆ గడపరాయి మీదే ఒరిగి కన్నుమూసింది.

నేటికీ కొర్ర కోతల తర్వాత వచ్చే మొదటి ఆదివారం అక్కులమ్మ వంశం వాళ్ళు పై రాయితో గండి దగ్గరికి వస్తారు. మాళింగప్ప వంశం వాళ్ళు కర్ర అడ్డం పెట్టి అడుగుతారు. "ఇంటికి పోతాండాము" అన్న జవాబు వచ్చాక గొంగడి తలకు చుట్టుకుని రాయిని మోసేది కురుబలే. రాళ్ళు కలిశాక వచ్చిన మొదటి పిండి పెద్దలకు, తర్వాతిది గొర్రెలకు, ఆ తర్వాతే మనుషులకు. సాయంత్రానికి పై రాయి మళ్ళీ వెళ్ళిపోతుంది.

ఇప్పుడు వచ్చేది ఆ ఒక్క వంశమే కాదు. ఆనకట్ట నీళ్ళ కింద, గనుల కింద, రోడ్ల కింద ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఒకరు తలుపు గొళ్ళెం తెస్తారు, ఒకరు పెంకు ముక్క తెస్తారు, ఏమీ మిగలనివాళ్ళు వట్టి చేతులతో వస్తారు. మీకు ఊరుండేదనడానికి రుజువేదని వాళ్ళను ఎన్నో గడపల్లో అడిగారు, అడిగి పంపించేశారు. ఇక్కడా అడుగుతారు. కానీ ఇక్కడ జవాబు చివరిదాకా వింటారు. ఊరి పేరు, ఇల్లు ఏ వీధిలో ఉండేది, గడపలో నిలబడితే ఎదురుగా ఏం కనిపించేది, అన్నీ చెప్పించుకుంటారు. విన్న కురుబ పెద్ద ఆ ఊరి పేరును గండి మారుమోగేలా గట్టిగా పిలుస్తాడు. దిన్నె మీద ఉన్నవాళ్ళంతా బదులు పలుకుతారు.

ఈ స్థలానికి వచ్చి ఉప్పు కలిపిన కొర్రపిండి ప్రసాదం తిన్నవారికి పెద్దల ఆచూకీ తెలుస్తుందని, చెదిరిన బంధువులు కలుస్తారని, కొత్త కోడళ్ళకు అత్తింట చోటు దొరుకుతుందని నమ్మకం. కనుక గండి దగ్గర గద్దిస్తే వెనక్కి తిరగకండి. మీ ఊరి పేరు గట్టిగా చెప్పి, కర్ర దిగేదాకా నిలబడండి. దిగుతుంది.