గిలకను పట్టిన చెక్క గిన్నె

అనగనగనగా, ఏటి ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఒక ఊళ్ళో, వరహాలమ్మ అని ఒక కోడలు పిల్ల ఉండేది. కళ్ళు మూసుకో బంగారం, చెవులు మాత్రం నాకియ్యి.

ఆ ఊళ్ళో ఇంటింటికీ ఒక లేతు ఉండేది. లేతంటే కర్రను గిర్రున తిప్పే మర. కర్ర తిరుగుతుంటే ఉలి ఆనించి బొమ్మ తీస్తారు. ఆ కర్ర ఎగిరిపోకుండా పిడికిలిలా పట్టుకునేదాన్ని చక్కు అంటారు.

వరహాలమ్మ మామగారు సన్యాసయ్య గొప్ప పనివాడు. చేతులు వణకడం మొదలయ్యాక లేతు ముందు పీట కోడలికిచ్చి, తను పక్కన కూర్చుని వంకలు పెట్టేవాడు. ఆ పనిలో మాత్రం ఆయన ఏమీ తగ్గలేదు.

ఒకరోజు పొద్దున్నే, పడవ నడిపే వాళ్ళింటి గున్నమ్మ చంటిపిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్లకు పళ్ళొస్తున్నాయి, ఒకటే ఏడుపు. వాళ్ళింట్లో ముత్తాతల నాటి కొయ్య గిలక, అదే, పిల్లలాడించే గిలక్కాయ, ఒకటుంది. అందులో ఏటి గులకరాళ్ళు ఉన్నాయి. ఆ చప్పుడు వింటేనే పిల్ల ఊరుకుంటుంది, ఇంక దేనికీ ఊరుకోదు. అదేమో కింద పడి, గుండు మీద పెచ్చు లేచింది. నోట్లో పెట్టుకుంటే చిగుళ్ళు గీసుకుపోతున్నాయి. దాన్ని నున్నగా చేసి కొత్త లక్క పుయ్యాలి. పగిలిందంటే ఇంకోటి లేదని చెప్పి గున్నమ్మ కళ్ళు తుడుచుకుంది.

గిలక లోపలంతా డొల్ల. గోడ చింతగింజంత మందం. దాన్ని దేనితో పట్టుకోవాలి? వరహాలమ్మ గిలకను గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. అలాంటిదే ఉత్తుత్తి గిలక ఒకటి లేతు మీద చేసి, ముందు దాని మీద చూద్దామనుకుంది. చూశావా ఎంత తెలివో!

మొదట మరమేకు ఉన్న చక్కు తీసింది. ఆ మేకు కర్రలోకి దిగి పట్టుకుంటుంది. అంటే గిలకకు చిల్లు పడుతుంది, రాళ్ళన్నీ రాలిపోతాయి. దాన్ని అలాగే గూట్లో పెట్టేసింది.

అప్పుడు నాలుగు దవడల ఇనప చక్కు బిగించింది. ఉత్తుత్తి గిలక అప్పడంలా పటుక్కుమంది. ఇంకోటి చేసి కాస్త వదులుగా బిగించింది. అది ఎగిరి సన్యాసయ్య కాఫీ గ్లాసులో పడింది. ఆయన ఏమన్నాడో నీకు చెప్పనులే.

ఆ తర్వాత మూడోది. మెత్తటి అంకుడు కర్ర దుంగను ఆ ఇనప దవడలకే ఇచ్చి, దుంగలో గిలక కూర్చునేంత గిన్నె తొలిచింది. అసలు గిలకకు మసి రాసి గిన్నెలో పెట్టి తీసింది. ఒక్క పక్కనే నల్లబడింది. నల్లబడిన చోట చెక్కింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ చెక్కింది. మూడోసారి గిన్నె చుట్టూ నల్లటి గాజు తొడిగినట్టు మసి అంటింది. అప్పుడు మసి తుడిచేసి, గిలకను బొటనవేలితో గిన్నెలోకి నొక్కింది. పిల్ల అమ్మ ఒళ్ళో ఒదిగినట్టు ఒదిగిపోయింది. సన్యాసయ్య వంక పెట్టడానికని వంగి చూసి, పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

లేతు తిప్పి ఉలి ఆనిస్తే పెచ్చు పోయింది. లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి గిలకంతా ఎర్రగా పాకింది. మొగలి ఆకుతో రుద్దితే మిలమిల మెరిసింది. అంతా అయ్యాక గిలకను లాగితే, రాలేదు!

వరహాలమ్మ వంగి చూసింది. కరిగిన లక్క సందులోకి జారి, గిలకనూ గిన్నెనూ అతికించేసింది. సుత్తితో వెనకనించి ఒక్కటి కొట్టమన్నారు చూడ్డానికొచ్చిన వాళ్ళు. కొడితే గిలక నిలుస్తుందా? పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

వరహాలమ్మ ఉలి అందుకుంది. లేతు మళ్ళీ తిప్పింది. ఉలి గిలక మీద కాదు, అంత కష్టపడి చేసుకున్న గిన్నె మీద పెట్టింది. పొర తరవాత పొర తీస్తూ పోయింది. గిన్నె గోడ పలకంత పల్చనయింది, ఆకంత అయింది, ఆఖరికి ఉల్లిపొరంత అయింది. అప్పుడు మర ఆపి, గోటితో ఆ పొరను ఒలిచింది. గిలక ఆమె అరచేతిలోకి వచ్చి కూర్చుంది. గీత కూడా పడలేదు.

సన్యాసయ్య వణికే చేతులతో గిలకను తిప్పి తిప్పి చూశాడు. "ఇన్నేళ్ళూ పట్టుకోడమే నేర్పినానమ్మా. వదిలించడం ఇయ్యాల నీ కాడ నేర్సుకున్నాను" అన్నాడు.

గిలకను గున్నమ్మ చేతికిచ్చారు. ఆమె భయంభయంగా ఒక్కసారి ఊపింది. లోపల రాళ్ళు గలగలమన్నాయి. పిల్ల వెక్కుతూ వెక్కుతూ ఆగి, రెండు చేతులూ చాపింది.

గిలకేమో పాప చేతికి,
గిన్నె పొట్టు పొయ్యిలోకి,
కథ కంచి దారికి,
నువ్వు నా కొంగులోకి.