నీలం రంగులో రెక్క

సామిని ఉపదేశం అడిగి అప్పటికి పదకొండు నెలలైంది. నా వెనక మఠానికి వచ్చినవాళ్లు ఇద్దరు మొదటి నెలలోనే చెవిలో మంత్రం చెప్పించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. నేను మాత్రం రోజూ చెవులు శుభ్రంగా కడుక్కుని ఎదురు చూస్తూనే ఉన్నాను.

మఠం అంటే గోపురాలూ మండపాలూ ఊహించుకోకండి. కదిరి వైపు ఒక రాళ్లగుట్ట, దాని కింద మూడు రేకుల గదులు, ఆరు ఆవులు, పదెకరాల ఎర్రనేల, ఒక ముసలి ట్రాక్టరు. వీటి మధ్య కాటమయ్య సామి. డెబ్బై దాటిన మనిషి. మాట తక్కువ. ఆయన అన్న మాటకు అర్థం నాకు మూడు రోజులకు తెలిసేది, అదీ తప్పుగా.

నా సంగతి కూడా చెప్పాలి కదా. పేరు పెన్నోబిలేసు. నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. హార్మోనియం, హోమియో మందులు, రేడియో రిపేరు, అన్నీ పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. నా పని చూసినవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

ఒక వేసవి పొద్దున ధైర్యం చేసి మళ్లీ కదిపాను.

"సామీ, నా ఉపదేశం?"

ఆయన ఆవులకు గడ్డి వేస్తున్నాడు. తల తిప్పి ట్రాక్టరు ఉన్న షెడ్డు వైపు చూశాడు.

"బండికి రంగు పోయింది, చూసినావా?"

"చూసినా సామీ."

"నువ్వే వెయ్యి. అయినాంక చూద్దాం."

పొంగిపోయాను. నాలుగు అడుగులు వేశానో లేదో వెనక నుంచి ఇంకో మాట వచ్చింది.

"బండి పని మాత్రం ఒక్క పూట కూడా నిలపొద్దు."

చిక్కంతా అక్కడే ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ ట్రాక్టరు సామి గురువుగారు ఇంకా శిష్యుడిగా ఉన్న రోజుల్లో మఠానికి వచ్చిందట, అప్పటికే పాతదిగా. వేసవంతా నాలుగు ఊళ్లకు నీళ్ల ట్యాంకు లాగుతుంది. మిగిలిన పొద్దులో చేలకు ఎరువు తోలుతుంది. వాన పడితే మఠం చేనుతో పాటు, చుట్టుపక్కల ఎద్దులు లేనివాళ్ల చేలన్నిటిలోనూ విత్తనం వేస్తుంది. నడిపేది హుసేనప్ప. ముప్పై ఏళ్లుగా ఆ సీటు మీద కూర్చుని కూర్చుని, నేల మీద నడిచేటప్పుడు కూడా కుదుపుతోనే నడిచేవాడు.

"ఏం రంగు అనుకుంటాండావు అప్పా?" అన్నాడు.

"కాషాయం," అన్నాను. "మఠం బండి కదా."

అటుగా పోతున్న సామి ఆగాడు. "దానికి సంసారం ఎప్పుడుండాదిరా, సన్నాసం ఇప్పించేకి?"

చివరికి ఎరుపు ఖాయమైంది. మా మట్టి రంగు.

రంగు వేయాలంటే ముందు పాతది గోకాలి. పాతది నీలం, ఎండలకు బూడిదలా అయిపోయి ఉంది. గరగరలాడే ఉప్పు కాగితం నీళ్లలో ముంచి రుద్దడం మొదలుపెట్టాను. అక్కడక్కడ నీలం కింద ఆకుపచ్చ తొంగి చూసింది. అంత లోతుకు పోయే ఓపిక నాకు లేదు. రుద్దుతూ ఉంటే నీలంలో ఇసుక రేణువులు కనబడ్డాయి. గడ్డిపరకలు కనబడ్డాయి. సన్నటి రెక్కలు కూడా. తొలివానకు పుట్టల్లోంచి లేస్తాయే, ఉసిళ్లు, వాటి రెక్కలు. పైన అంటుకున్నవి కావు. రంగు లోపలే ఇరుక్కుని ఉన్నాయి.

నాకు నవ్వు ఆగలేదు.

"హుసేనన్నా, ఈ నీలం వేసిన మేధావి ఎవరు? రంగు వేసినాడా, పురుగులకు సమాధి కట్టినాడా?"

హుసేనప్ప నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. వెనక సామి చెంబుతో నీళ్లు తాగుతున్నాడు.

"వాడా," అన్నాడు చెంబు దించి. "వానికీ తొందర ఎక్కువే."

బండికి ఉన్న టూల్ పెట్టె మూత లోపలి వైపు మాత్రం గోకకుండా వదిలేశాను. అది ఎవరికీ కనపడదు. కనపడని చోట కష్టపడే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు.

ఇక నా తిప్పలు మొదలయ్యాయి. సాయంత్రం బండి రాగానే కడిగి, ఆరాక రంగు వేసేవాణ్ణి. పొద్దున్నే అది నీళ్ల ట్యాంకు తగిలించుకుని దుమ్ములోకి పోయేది. మళ్లీ వచ్చేసరికి నా రంగు మీద ఒక ఊరి మట్టి ఉండేది. ట్యాంకు చుట్టూ బిందెలతో తోసుకున్న ఆడవాళ్ల చేతి ముద్రలు కూడా ఉండేవి. మళ్లీ రుద్దడం, మళ్లీ వేయడం. ఇరవై రోజులకు బండి కంటే నేనే ఎక్కువ ఎర్రగా తయారయ్యాను.

సామి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాను. "సామీ, మూడు దినాలు నిలిపితే సాలు. పుస్తకంలో కూడా అట్లే రాసినారు."

"కొత్తపేట ఆడోళ్లు బిందెలు పెట్టుకోని ఉంటారు కదరా," అన్నాడు. అంతే.

అప్పుడు నాకు తెలివి వచ్చింది. అది ఎటువంటి తెలివో మీరే చూడండి.

ఒక మధ్యాహ్నం ట్యాంకు నాలుగు ఊళ్లూ తిరిగి వచ్చింది. అన్ని తొట్లూ నిండాయి. ఎరువు అంటారా, రెండు రోజులు ఆగినంత మాత్రాన అది ఎక్కడికీ పారిపోదు. హుసేనప్ప ఆ రోజుకు పని ముగించి భోజనానికి పోయాక, డీజిలు పైపును ఇంజనుకు బిగించే చిన్న ఇత్తడి బోల్టు విప్పి తీశాను. ఎక్కడ దాచాలి? నడుముకు కట్టుకున్న విభూతి సంచిలో వేశాను. మఠంలో ఎవరూ అనుమానంతో చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

ఆ పూట నిదానంగా, ఊపిరి బిగబట్టి చివరి పూత వేశాను. బానెట్ అద్దంలా మెరిసింది. అందులో నా ముఖం కనబడింది. నా ముఖం అంత బాగుంటుందని నాకు అంతవరకూ తెలియదు.

సాయంత్రానికి గుట్ట వెనక మబ్బు లేచింది.

ఏడు నెలలుగా చుక్క పడని నేల మాది. మొదట గాలి వచ్చింది, ఆ తర్వాత మట్టి వాసన, ఆ వెనకే వాన. ఆవులు గడ్డి నమలడం ఆపి తలలెత్తాయి. సామి వాకిట్లో నిలబడి రెండు అరచేతులూ చాచాడు. అవి నిండి పొర్లుతున్నా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మా వైపు పదును అంటే, విత్తనం మొలవడానికి చాలినంత తడి నేలలో ఉండటం. వాన వెలిశాక అది మూడు రోజులు నిలుస్తుంది, గాలి తోలితే రెండే. ఆలోపల విత్తనం పడకపోతే ఇంకో వాన కోసం ఆకాశం చూడాలి. ఆ ఇంకో వాన ఒక్కోసారి వచ్చే ఏడు వస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. వెంటనే లేచి వెళ్లి బోల్టు బిగించి రావాల్సింది. మూడు రోజుల్లో ఒక రోజు పోతే ఏమవుతుందిలే అనుకుని, ఆ ఎరుపునే తలుచుకుంటూ పడుకున్నాను.

తెల్లవారేసరికి షెడ్డు ముందు ఇరవై మంది ఉన్నారు. అందరికంటే ముందు కొత్తపేట ముత్యాలక్క, తల మీద చెనక్కాయ విత్తనాల మూటతో. పిల్లలు ఏడ్చినా ఒక్క గింజ తిననివ్వకుండా ఏడాది దాచిన వేరుశనగ విత్తనం అది.

హుసేనప్ప బండి ఎక్కి తాళంచెవి తిప్పాడు. బండి దగ్గింది, ఊరుకుంది. దిగి వంగి చూశాడు.

"ఎవడో బోల్టు పీకినాడు."

"దొంగలా?" అన్నారు ఎవరో.

"బండి ఇడిసిపెట్టి బోల్టు ఎత్తుకపోయే దొంగ యాడుంటాడప్పా?"

"ఈ కాలంలో ఏమైనా జరుగుతాది," అన్నాను నేను.

కదిరికి పోయి కొత్తది తెచ్చేసరికి పొద్దు గూకుతుంది. అందరూ నేలనూ ఎండనూ మార్చి మార్చి చూస్తున్నారు. గాలి కూడా మొదలైంది.

సామి పశువుల కొట్టం గోడకు ఆనించిన పార అందుకుని నడిచాడు. అందరం వెనకే వెళ్లాం. ముత్యాలక్క చేను గట్టు మీద ఆగి నన్ను పిలిచాడు.

"ఓబిలేసూ, మొదటి సాలు తీస్తాండా. విభూతి పెట్టు."

రోజూ ఆయన మాకు పెట్టేవాడు. ఆ రోజు ఆయనే నా ముందు తల వంచాడు. సంచి మూతి విప్పి, బోల్టు తగలకుండా పైపైన రెండు వేళ్లతో చిటికెడు తీసి నొసట పెట్టాను. దాచడంలో కూడా నేను సొంతంగా నేర్చుకున్నవాణ్ణే.

ఆయన చేనులోకి దిగాడు. పార ఎత్తాడు, వేశాడు. జానెడు నేల తెరుచుకుంది. మళ్లీ ఎత్తాడు, ఇంకో జానెడు. ముత్యాలక్క వెనకే వంగి గింజలు వేస్తోంది. నాలుగెకరాల చేను. పార మట్టిలో దిగే చప్పుడు, ఆయన ఊపిరి, ఆ రెండే వినబడుతున్నాయి.

ఒక సాలు, అంటే విత్తనాల గాడి ఒకటి, సగం అయింది. ఆయన పార అక్కడే నిలబెట్టి వెనక్కి నడిచి వచ్చాడు. రొమ్ము ఎగసిపడుతోంది. నా ముందు మళ్లీ తల వంచాడు.

"చెమటకు పోయిందిరా. ఇంకోసారి పెట్టు."

పదకొండు నెలలు ఆయన పాదాలు చూశాను. ఆయన నడినెత్తి అంత దగ్గరగా చూడటం అప్పుడే. పలచటి తెల్ల వెంట్రుకలు. వాటి మధ్య కమిలిన చర్మం. చెవి వెనక నుంచి జారుతున్న చెమట చుక్క. ఆ తల వంగే ఉంది. నా చెయ్యి ఎంతసేపటికీ పైకి రాలేదు. తల మాత్రం వంగే ఉంది.

సంచి అడుగుకు చెయ్యి పోనిచ్చి బోల్టు తీశాను. తెల్లగా విభూతి పట్టి ఉంది. ఆయన అరచేతిలో పెట్టాను.

ముత్యాలక్కే ముందు నా వైపు తిరిగి నోరు తెరిచింది. "ఏంది సామీ ఇది! బండిని పెండ్లికూతురు అనుకున్యావా, గడప దాటనీకుండా పెట్టేకి?"

సామి నన్ను చూడలేదు. బోల్టు మీది విభూతిని బొటనవేలితో తుడిచాడు. ఆ వేలు నా నొసట ఆనించి, ఈ కొస నుంచి ఆ కొసకు నిదానంగా గీశాడు. బోల్టు హుసేనప్ప చేతికి ఇచ్చాడు.

బండి షెడ్డు దాటింది. వాన గాలికి రంగు ఆరలేదు, వేలు పెడితే అంటుకుంటోంది. నన్ను బండికి తగిలించిన గొర్రు వెనక, గొట్టాల్లో విత్తనం పోయడానికి పెట్టారు. పెట్టారని మర్యాదకు అంటున్నాను. ముత్యాలక్క మూట నా నెత్తిన వేసింది.

రెండో సాలు తిరిగేసరికి గట్టు పక్క పుట్టలోంచి ఉసిళ్లు లేచాయి. ముందు నాలుగు, తర్వాత నలభై, ఆ తర్వాత లెక్కే లేదు. తడినేల మీద నుంచి ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరిలో, పొద్దుటి ఎండలో, లక్షల రెక్కలు. బండి వాటి మధ్యలోంచి నడిచింది. అవి నా ఎరుపు మీద వాలి, ఉండిపోయాయి. నేను గింజలు పోయడం మరిచి నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"సామీ, గింజలు!" అని నా మీద కేక వేసింది ముత్యాలక్క. "రెక్కలు మొలుస్తాయా నా చేన్లో?"

మూడు రోజుల్లో చేలన్నీ అయ్యాయి. మఠం చేను ఆఖరున అయింది.

మూడో రోజు పొద్దు వాలుతుండగా బండి షెడ్డుకు చేరింది. బానెట్ మీద నా ముఖం లేదు. మట్టి, పరకలు, రెక్కలు, అన్నీ రంగులో కూరుకుని గట్టిపడ్డాయి. నిట్టూర్చి ఉప్పు కాగితం అందుకున్నాను. చెంబుతో నీళ్లు పెట్టుకున్నాను. నట్లు బిగిద్దామని టూల్ పెట్టె మూత ఎత్తాను.

మూత లోపల, నేను గోకకుండా వదిలేసిన నీలం.

అందులో మట్టి. ఒక గడ్డిపరక. ఒక రెక్క.

బానెట్ వైపు చూశాను. మళ్లీ మూత వైపు చూశాను.

సామి ఎప్పుడు వచ్చాడో, షెడ్డు గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"సామీ," అన్నాను. "ఈ నీలం వేసినప్పుడు... మీరూ బోల్టు తీసినారా?"

"నాకు అంత తెలివి యాడిదిరా," అన్నాడు. "తాళంచెవి దాచినా."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కదిలాడు. పోతూ పోతూ, "పొద్దున చెవులు కడుక్కోని రా," అన్నాడు.

మూత అంచున నీలం కొంచెం పెచ్చు లేచి, కింద సామి గురువుగారి నాటి ఆకుపచ్చ కనబడుతోంది. గోటితో మెల్లగా గీరాను.

అందులోనూ ఒక రెక్క ఉంది.

ఉప్పు కాగితం మడిచి పెట్టెలో పెట్టాను. చప్పుడు కాకుండా మూత వేశాను.