ముత్యాల దురద

ఒక గాజుపెట్టెలో ఒక రాజుగారు ఉండేవారు. పక్కనుంచి చూస్తే నిండుగా, వెడల్పుగా రాజులాగే ఉండేవారు. ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం నిలువుగా గీసిన గీతలా కనిపించేవారు. అందుకని రాజుగారి ఎదురుగా ఎవరూ నిలబడకూడదని ఆ రాజ్యంలో కట్టుబాటు. ఎంత పెద్ద మాటైనా పక్కనుంచే చెప్పుకోవాలి.

ఒకరోజు పొద్దున్నే రాజుగారి రెక్క మీద ఒక తెల్లటి చుక్క కనిపించింది. ఉప్పు రవ్వంత ఉంది. సభలో అందరూ చూశారు, చూడనట్టు నీళ్లు మింగారు. మంత్రి ఒక్కడే ముందుకొచ్చాడు. ఆయనకి గడ్డం కింద పొడుగాటి మీసాలు రెండు వేలాడుతూ ఉండేవి. ముందు వాటితో తడిమి, తర్వాత మాట్లాడటం ఆయన పద్ధతి. రాజుగారి రెక్కని తడిమాడు. ఓ కంట రాజుగారి మొహాన్ని కూడా కనిపెట్టాడు.

"ముత్యం ప్రభూ," అన్నాడు. "ముత్యాలు కొనుక్కునే రాజుల గురించి విన్నాం గానీ, ఒంటి మీద పండించుకునే రాజుని ఇప్పుడే చూస్తున్నాం."

రాజుగారికి ఆ రెక్క తెల్లారినప్పట్నుంచీ ఒకటే దురద. కానీ ముత్యమని పేరు పెట్టాక దురద అంటే ఏం బాగుంటుంది?

"నాకూ అలాగే అనిపించిందయ్యా," అన్నారు.

ఆ సభలో అందరికంటే వెనక, నాచు చాటున, ఒక ఎర్రతోక పిల్ల ఉండేది. కలలు కనడం తప్ప దానికి వేరే పని తెలీదు. గాజు మీద ఎండ చార పడితే దాన్ని చూస్తూ పూటంతా గడిపేసేది. నీలితోక బావంటే దానికి ప్రాణం. బావ తోక ఊపితే చుట్టూ నీళ్లు నీలంగా మారిపోతాయని దాని నమ్మకం. మారేవి కావు. అయినా నమ్మేది.

వారం తిరక్కుండానే రాజుగారి ఒళ్లంతా ముత్యాలయ్యాయి. ఆయన పక్కన తిరిగేవాళ్లకీ ఒకటీ అరా పుట్టాయి. అప్పుడు మంత్రి కొత్త శాసనం చదివాడు. ముత్యాలున్నవాళ్లు పైన, మేత పడేచోట తినాలి. లేనివాళ్లు కింద గులకరాళ్లలో రాలింది ఏరుకోవాలి. ముత్యాల్ని గోక్కోవడం రాజద్రోహం.

రాజుగారికి మాత్రం ఓ వెసులుబాటు ఉండేది. దురద ఆపుకోలేనప్పుడు ఆయన రాజ్యం నడుమనున్న నల్లరాయి దగ్గరకెళ్లి, ఒళ్లు వాల్చి, అటూ ఇటూ రుద్దుకునేవారు. దానికి రాజనాట్యం అని పేరు. ఆయన రుద్దుకుంటున్నంతసేపూ మంత్రి పక్కన నిలబడి తోకతో తాళం వేసేవాడు.

నీలితోక బావకి ముత్యాలు పుట్టాయి. పైకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెనక్కి చూశాడు గానీ, ఆగలేదు.

ఎర్రతోక పిల్లకి ఆ రోజు మేత సయించలేదు. నల్లపిన్ని దగ్గరకెళ్లి కూర్చుంది. నల్లపిన్ని ఒళ్లు కాటుకంత నలుపు. ఆ నలుపు మీద ముత్యాలు పడితే చీకట్లో చుక్కలు పొడిచినట్టుండేది. ఆ సంగతి పిన్నికీ బాగా తెలుసు.

"పిన్నీ, నాకెప్పుడు పుడతాయి?"

"ఎలా పుడతాయే, నాచు చాటున నక్కి కూర్చుంటే? నలుగురిలో తిరగాలి. రాజుగారు నాట్యం చేసిన రాయికి ఓసారి ఒళ్లు తగిలించు. నేను అట్టాగే తెచ్చుకున్నా."

పిల్ల వెళ్లి రాయికి చెంప ఆనించింది. అది బావ చెంపేమో అనుకుంది. రెండురోజుల్లో దాని తోక చివర తెల్లటి చుక్క మొలిచింది. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయిందో. పైకి ఈదుతున్నప్పుడు తనకి పెళ్లి మేళం వినిపించిందని ఆ తర్వాత ఎవరికో చెప్పింది కూడా. అది గాలిగొట్టం బుడగల చప్పుడు.

పైన బావ ఒక మూలకి ఒరిగి ఉన్నాడు. తోక విప్పడం లేదు. ముడుచుకుపోయి, తడిసిన గుడ్డలా ఉంది. మేత కళ్ల ముందే తేలుతున్నా నోరు తెరవడం లేదు.

"బావా, నేనొచ్చా."

"రా మరదలా." ఊపిరి తీసుకున్నాడు. "చూశావా." మళ్లీ ఊపిరి తీసుకున్నాడు. "ఎంత వైభవమో."

"రొప్పుతున్నావేంటి?"

"మెడ కింద కూడా పుట్టాయిలే ముత్యాలు. లోపలి వరకూ. అంత అదృష్టం అందరికీ రాదన్నారు మంత్రిగారు."

పిల్ల ఇంకేదో తీయటి మాట అందామనుకుంది. సరిగ్గా అప్పుడే దాని తోక చివర చీమ కుట్టినట్టయింది. ఆపుకుంది. మళ్లీ కుట్టింది.

"దురద బావా," అంది పైకే. "ముత్యం కాదిది. నీకు దురద లేదూ?"

పైనున్నవాళ్లంతా బిగుసుకుపోయారు. అందరికీ ఒళ్లు మండిపోతోంది. ఆ మాట చెవిన పడేసరికి ఇంకా ఎక్కువైంది. మంత్రి మీసాలు ముందుకొచ్చాయి.

"దీన్ని రాళ్లలోకి దింపండి," అన్నాడు. "తలెత్తితే తోక కత్తిరించండి."

గాజు అవతల వేరే లోకం. అక్కడ ఒక ఆవిడా, ఒక ఆయనా ఉండేవారు. ఆవిడ ఆ రోజే పెట్టెలోకి తొంగిచూసి చెంపలేసుకుంది.

"ఏమండీ, చేపలకి అమ్మవారు పోసిందండీ."

"చేపలకా?"

"ఒంటి నిండా పొక్కులు కనిపించట్లా? మందూ మాకూ అంటూ తేకండి, అమ్మవారికి కోపమొస్తుంది. వేపమండ కట్టి, చల్లగా చూసుకుంటే తనే దిగిపోతుంది."

ఆయన పెట్టె చుట్టూ వేపమండలు కట్టాడు. లోపల రాజుగారు వాటిని చూసి తనకి తోరణాలు కట్టారనుకున్నారు.

ఆ తర్వాత ఓ ఉదయం రాజుగారి ఒంటి మీద ముత్యాలు మాయమయ్యాయి. రాత్రికి రాత్రే రాలిపోయాయి. గాజు అవతల ఆవిడ దణ్ణం పెట్టుకుని వేపమండలు తీసేయించింది. గాజు ఇవతల రాజుగారు దొంగ ఎవడని సభని నిలదీశారు. అందర్నీ వెతికించారు. రాళ్ల కింద మాత్రం వెతకలేదు. అక్కడ ఉండేది శిక్షపడినవాళ్లేగా.

అక్కడే ఉంది ఎర్రతోక పిల్ల. దాని ముక్కు ముందే రెండు గులకరాళ్ల సందున ఒక ముత్యం పడి ఉంది. అందంగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్ల దాన్ని చూస్తూ ఉండగానే అది ఉబ్బింది, పగిలింది. లోపల్నుంచి దుమ్ము లేచింది. ఆ దుమ్ము మామూలు దుమ్ములా కింద పడలేదు. దారి తెలిసినట్టు ఈదుకుంటూ పైకి పోయింది, బావ ఉన్న వైపే. పక్క సందులో ఇంకోటి పగిలింది. అవతల ఇంకోటి.

"రాలితే పోవడం కాదన్నమాట," అనుకుంది పిల్ల. "పిల్లల్ని పెట్టడానికి కిందికి దిగడం."

మర్నాటికి ముత్యాలు తిరిగొచ్చాయి, ముందుకంటే పదింతలు. రాజ్యమంతా పండగ చేసుకుంది. నల్లపిన్ని ఒంటి మీద నలుపు కనిపించే చోటే లేదు. ఆ సాయంత్రం ఆమె పక్కకి ఒరిగి, వెల్లకిలా తిరిగి, తేలిపోయింది. నిండు ముత్యాలతో పోయింది మహాతల్లి అన్నాడు మంత్రి. వలగుడ్డ వచ్చి ఆమెని తీసుకుపోతుంటే అందరూ వరసలో నిలబడి చూశారు. ఎర్రతోక పిల్ల ఏడ్చింది. నీళ్లలో ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది?

పైన బావ అప్పటికే ఒక పక్కకి ఒరుగుతున్నాడు.

ఆ రోజు గాజు అవతల ఆయన ఒక పొట్లం తెచ్చాడు.

"అమ్మవారు కాదంట. ఏదో పురుగంట, చేపల కొట్టువాడు చెప్పాడు. నీళ్లు కొంచెం వెచ్చచేసి, కల్లుప్పు వెయ్యమన్నాడు. చుక్కలు పోయాక కూడా కొన్నాళ్లు ఆపొద్దన్నాడు."

గుప్పెడు ఉప్పు పడింది. మంత్రి ఒక రవ్వని మీసంతో తడిమాడు, చురుక్కుమంది. "శత్రువు," అని కేక పెట్టాడు. రాజ్యమంతా గింజుకుంది. గాజుకేసి తలలు కొట్టుకున్నారు. ఒకడు ఎగిరి బయటపడబోయాడు.

"ఆపండీ, చంపేస్తున్నారు వాటిని," అంది ఆవిడ.

"రేపు ఇంకొక్కసారి చూద్దాం. ఇలాగే గింజుకుంటే మానేద్దాం."

ఎర్రతోక పిల్ల ఆ నీటిని నోట్లోకి తీసుకుని చూసింది. ఉప్పగా ఉంది. కానీ తోక చివర, దురద ఉన్నచోట, ఎవరో ఊదినట్టు హాయిగా ఉంది. గాజు అవతలి మాటలు కూడా దాని చెవిన పడ్డాయి. రేపు వీళ్లు గింజుకుంటే ఉప్పు ఆగిపోతుంది. ఉప్పు ఆగితే బావ దక్కడు.

నిజం చెబుదామనుకుంది. నిజం చెప్పినందుకే కదా ఈ రాళ్లలో పడి ఉంది. ఆలోచించి, తోక తెగితే తెగనీ అని లేచి, రాజుగారి పక్కకి వెళ్లింది. పక్కకే.

"ప్రభూ, రాళ్లలో ఉండగా నాకు కల వచ్చింది. రేపు ఆకాశం నుంచి మీకు ముత్యాల వాన కురుస్తుందంట. ఎవరు కదలకుండా నిలబడి తడిస్తే వాళ్లకే దక్కుతాయంట."

"చురుక్కుమంటుందేమో?" అన్నాడు మంత్రి అనుమానంగా.

"అసలైన ముత్యాలు చురుక్కుమంటాయి. నకిలీవే దురద పెడతాయి."

రాజుగారు ఒక్క క్షణం పిల్ల వైపు చూశారు. ఆయనకి ఎంత దురదగా ఉందో ఆయనకే తెలుసు.

మర్నాడు ఉప్పు పడింది. తెల్లగా, మెరుస్తూ, మెల్లగా దిగింది. రాజుగారు రెక్కలు చాచి దాని కింద నిలబడ్డారు. ఆయన వెనక రాజ్యమంతా నిలబడింది. పిల్ల బావని భుజంతో నెట్టుకుంటూ తెచ్చి వాన కింద నిలబెట్టింది.

"చూడండీ, ఎంత బాగా ఆడుకుంటున్నాయో," అంది ఆవిడ. "రేపూ వేద్దాం."

రోజూ వేశారు. చుక్కలు రాలిపోయాక కూడా, ఆ వేడుక చూడ్డానికని ఆవిడే ఆపనివ్వలేదు. రాళ్లలోంచి లేచిన దుమ్ము దారిలోనే చచ్చింది. బావ నిటారుగా నిలబడ్డాడు, తోక విప్పాడు. నీళ్లు నీలంగా మారలేదు. ఈసారి పిల్ల ఆ సంగతి గమనించింది.

ఒకనాడు రాజుగారు తన ఒంటిని అటూ ఇటూ చూసుకున్నారు. "ఏవీ నా ముత్యాలు?"

"లోపలికి ఇంకాయి ప్రభూ," అంది పిల్ల.

మంత్రి మీసంతో తడిమాడు. "ఉన్నాయి ప్రభూ. చేతికి తగుల్తున్నాయి," అన్నాడు, చేతులు లేకపోయినా.

రాజుగారు సభకేసి తిరిగారు. "ఎవరికైనా దురదగా ఉందా?"

"లేదు ప్రభూ," అన్నారు అందరూ. అన్నాళ్లూ చెప్పిన మాటే. నిజం కావడం మాత్రం ఇదే మొదలు. అందుకేనేమో రాజుగారికి నమ్మకం కలగలేదు. "అబద్ధాలాడుతున్నారు, కనిపెట్టి ఉండు," అన్నారు మంత్రితో.

ఎర్రతోక పిల్ల సభ నడుమకి వచ్చింది. మొదటిసారిగా రాజుగారి ఎదురుగా నిలబడి చూసింది. అక్కడ ఒక గీత ఉంది. ఎదురుగా ఎందుకు నిలబడ్డావని పిల్లని ఎవరూ అడగలేదు.

పిల్ల నల్లరాయి దగ్గరకెళ్లి, ఒళ్లు వాల్చి, అటూ ఇటూ హాయిగా రుద్దుకుంది. దురదేమీ లేదు. ఊరికే.

కాసేపటికి పక్కన చిన్న చప్పుడైతే తిరిగి చూసింది. మంత్రి తోకతో తాళం వేస్తున్నాడు.