కొసరు అడిగిన ఫోను

అనగా అనగా ఒక ఊరు. ఏ ఊరని అడక్కు, అడిగినా చెప్పను. కాళ్ళు లోపలికి ముడుచుకో, దుప్పటి కప్పుకో, నేను ఆగిన చోటల్లా ఊ కొట్టు. ఊ కొట్టకపోతే కథ అలిగి మూల కూర్చుంటుంది.

ఆ ఊళ్ళో ఒక ఇల్లాలు ఉండేది. అసలు పేరు తర్వాత చెబుతాను గానీ, ఇప్పటికి పొదుపమ్మ అనుకుందాం. పొదుపమ్మ మొగుడు లారీ తోలేవాడు, నెలకి రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. వాళ్ళకి ఒక్కగానొక్క పాప. నీ అంతే ఉంటుంది, నీలాగే పేచీకోరు.

పొదుపమ్మ వస్తోందంటే బజారంతా సర్దుకుని కూర్చునేది. బేరమాడటంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. కిలో వంకాయలు తూచి పోశాక కూడా సంచీ నోరు అలాగే తెరిచి పట్టుకుని నిలబడేది. "కొసరెయ్యి" అనేది. కొసరంటే తెలుసుగా, తూకం అయిపోయాక పైన ఊరికే వేసేది. రెండు వంకాయలో, గుప్పెడు కరివేపాకో. అసలు కంటే కొసరు ముద్దు అని ఊరికే అన్నారా మరి.

కూరగాయల బండి సన్యాసమ్మ "నీతో వేగలేనమ్మా" అని తిడుతూనే వేసేది. కిరాణా కొట్టు సూరన్న గారు ధర తగ్గించనంటూనే తగ్గించి, పాప చేతిలో బెల్లం ముక్క పెట్టేవారు. రెండు రోజులు పొదుపమ్మ కనపడకపోతే ఆ ఇద్దరూ "ఒంట్లో బాలేదా ఏమిటి" అని వాకబు చేసేవాళ్ళు. తిట్టుకున్నా అదో చుట్టరికం.

అప్పుడు ఒకరోజు ఏమైందీ, పొదుపమ్మ ఫోన్లో కొత్త యాప్ ఒకటి కనపడింది. బొమ్మ చూస్తే చిన్న తక్కెడ. ఆవిడ ఎక్కించుకోలేదు, ఆ ఇంట్లో ఇంకెవరూ ఎక్కించలేదు. నొక్కి చూస్తే సరుకులన్నీ సగం ధరకే ఉన్నాయి. కందిపప్పు సగం, నూనె సగం, టమాటాలు సగం. పొదుపమ్మ కళ్ళు ఇంతింతయ్యాయి.

వారానికి సరిపడా కూరలు ఏరి నొక్కింది. అప్పుడు తెర మీద ఒక మాట వచ్చింది. "నాకు కొసరు?" అని. దాని కింద "సరే" అని మీట.

పొదుపమ్మకి నవ్వొచ్చింది. ఊరందరి దగ్గరా కొసరు గుంజిన దాన్ని, నన్నే కొసరడుగుతోందే అనుకుంది. ఏం కొసరు, ఎంత కొసరు అని అడగాలా వద్దా? అడగలేదు. రూపాయో రెండో పట్టుకుంటుంది కాబోలు అనుకుని సరే నొక్కేసింది. తీరా చూస్తే పైసా కూడా ఎక్కువ పోలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా అరవని వేళ, గుమ్మంలో సంచీ ఉంది. తెచ్చినవాళ్ళు కనపడలేదు. బండి చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. గేటుకి పెట్టిన గొళ్ళెం పెట్టినట్టే ఉంది. కూరలు మాత్రం అప్పుడే కోసినట్టు నవనవలాడుతున్నాయి.

ఆ తర్వాత మూడో నాడు పొదుపమ్మ సన్యాసమ్మ బండి ముందు నుంచి వెళ్తూ "ఏం సన్యాసమ్మా" అని పలకరించింది. సన్యాసమ్మ తలెత్తి చూసింది. "ఎవరమ్మా మీరు? ఈ వీధికి కొత్తగా దిగారా?" అంది.

పదేళ్ళ పరిచయం వాళ్ళది. పోనీ కోపంగా అన్నదా అంటే లేదు, వెక్కిరింపా అంటే అదీ కాదు. మొదటిసారి చూసిన మనిషితో ఎంత మర్యాదగా మాట్లాడతారో అంత మర్యాదగా అంది. తన దగ్గర కొనడం మానేశానని అలిగిందిలే అనుకుని పొదుపమ్మ ఇంటికొచ్చేసింది. మనసుకి సర్దిచెప్పుకోవడంలో కూడా ఆవిడ దిట్టే.

మళ్ళీ వారం పప్పులూ నూనే కొంది. మళ్ళీ అదే మాట. "నాకు కొసరు?" సరే అని నొక్కింది. మళ్ళీ మిట్టమధ్యాహ్నం, మళ్ళీ చప్పుడు లేకుండా సంచీ. సాయంత్రం ఉప్పు అయిపోయిందని పాపని వెంటబెట్టుకుని సూరన్న గారి కొట్టుకెళ్ళింది. సూరన్న గారు పాపకి ఎప్పటిలాగే బెల్లం ముక్క పెట్టారు. పెట్టి, "ఈవిడెవరు పాపా, మీ ఇంటికొచ్చిన చుట్టాలా?" అని అడిగారు.

పాప నవ్వి "మా అమ్మ" అంది. పిల్ల వేళాకోళం ఆడుతోంది అనుకుని సూరన్న గారు కూడా నవ్వారు. పొదుపమ్మ మాత్రం ఉప్పు కూడా అడక్కుండా వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి అద్దంలో మొహం చూసుకుంది. ముక్కు ముక్కులాగే ఉంది, బొట్టు బొట్టులాగే ఉంది. రెండు కొసర్లు, ఇద్దరు మనుషులు. తెలివితక్కువదేం కాదు, లెక్క తెలిసిపోయింది. భయపడి ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. అక్కడితో ఆగి ఉంటే నేను నీకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ఊ కొట్టు.

అప్పుడు పాప పుట్టినరోజు వచ్చింది. ఆకుపచ్చ పట్టు పావడా కావాలని పాప పది రోజులు పోరింది. బజార్లో దాని ధర వింటే కళ్ళు తిరిగాయి. యాప్‌లో చూద్దాం, ఊరికే చూడటానికేం అని పొదుపమ్మ బీరువా తాళం తీసింది. అచ్చం అదే పావడా, అదే జరీ అంచు, పావు ధరకే ఉంది. ఏం, నీకూ ఉందా అలాంటిది? ఉండనీ, నువ్వు విను.

ఈసారి సరే అనే మీట లేదు. "కొసరు ఎవరి దగ్గర తీసుకోను?" అని అడిగింది ఫోను. పొదుపమ్మకి చెయ్యి ఆగిపోయింది. పాలవాడి పేరు రాద్దామనుకుంది, పాపం రోజూ నవ్వుతూ పలకరిస్తాడు. ఎదురింటావిడ పేరు రాద్దామనుకుంది, ఆవిడ మొన్న జ్వరమొస్తే చారు కాచి తెచ్చింది. ఎవరి పేరు రాయడానికీ మనసు రాలేదు. పోనీ వద్దని వదిలేసిందా, పావడా మీద నుంచి కళ్ళు రావు. బేరం తెగనప్పుడు బజార్లో వాళ్ళు తనతో ఏమంటారో అదే చివరికి రాసేసింది. "నీకు తోచింది తీసుకో" అని.

అలాగ రాయొచ్చటే? ఎవరితో బేరమాడుతున్నామో తెలియనప్పుడు ఆ మాట నోట రాకూడదు.

మిట్టమధ్యాహ్నం పావడా వచ్చింది. నాలుగింటికి బడి ఆటో వచ్చింది. పొదుపమ్మ పావడా చేత్తో పట్టుకుని గేటు దాకా ఎదురెళ్ళింది. పాప దిగి, సంచీ భుజాన వేసుకుని, ఆవిడ మొహంలోకి చూసింది.

"ఆంటీ, మా అమ్మ ఉందా?" అంది.

పాప పక్క నుంచి తప్పుకుని లోపలికెళ్ళి అమ్మా అమ్మా అని అన్ని గదులూ తిరిగింది. పెరట్లో చూసింది. అమ్మ ఏదో ఊరెళ్ళి ఉంటుంది, వస్తుందిలే అని తనకి తనే చెప్పుకుని అరుగు మీద కూర్చుంది. కన్నతల్లి రెండు అడుగుల దూరంలో నిలబడి ఉంది.

ఆవిడ చెయ్యని పని లేదు. యాప్ తీసేసింది, తెల్లారేసరికి తక్కెడ బొమ్మ మళ్ళీ వచ్చి కూర్చుంది. పావడా తిరిగిచ్చేస్తానని మధ్యాహ్నం గుమ్మంలో పెట్టింది, పెట్టింది పెట్టినట్టే ఉంది. తనూ పాపా కలిసి దిగిన ఫొటోలు తీసి చూపించింది. పాప ఫొటోని ముద్దు పెట్టుకుని "ఇది మా అమ్మ. మీరు కాదు" అంది. ఫొటోలో ఉన్నదీ ఎదురుగా ఉన్నదీ ఒకే మొహం.

అప్పుడు పొదుపమ్మ వాళ్ళమ్మకి కబురు చేసింది. ఆ ముసలావిడ సాయంత్రం బస్సుకి దిగింది. జరిగింది వినగానే కూతురి చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కానీ కూతురి మొహం చూశాక చెయ్యి లేవలేదు, దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చింది. ఆ ఫోను మళ్ళీ బీరువాలో పడేసింది. ఎప్పుడో ఆరిపోయిన ఫోను, అయినా మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి బీరువా సందులోంచి వెలుగు కనపడుతుంది. ఆ వేళకి ఎవరూ ఆ గదిలోకి వెళ్ళరు.

ఆ తర్వాత ముసలావిడ కూతుర్ని సన్యాసమ్మ బండి దగ్గరికి తీసుకెళ్ళింది. మొదటి రోజు బేరమాడకుండా బెండకాయలు కొనిపించింది. రెండో రోజు సన్యాసమ్మ మోకాలి నొప్పి సంగతి అడిగించింది. మూడో రోజు సన్యాసమ్మ తనే పీట జరిపి "కూర్చోమ్మా, ఇంతకీ నీ పేరేంటి?" అంది. పాత పదేళ్ళూ తిరిగి రాలేదు. కానీ కొత్తగా ఒకటి మొదలైంది. ముసలావిడకి దారి దొరికింది.

"నేనే మీ అమ్మని, నేనే మీ అమ్మని అని ఇక దాని వెంట పడకు" అని కూతురికి చెప్పింది. "జడ వెయ్యి, అన్నం పెట్టు, నోరు మూసుకుని ఉండు."

పొదుపమ్మ అలాగే చేసింది. పాప జడ వేయించుకుని "థాంక్స్ ఆంటీ" అనేది. ఆవిడ పెరట్లోకెళ్ళి ఏడ్చి మొహం కడుక్కుని వచ్చేది. ముసలావిడేమో రోజూ పాప పక్కన పడుకుని కథలు చెప్పేది. మొదటి రాత్రి రాజుగారి కథ, రెండో రాత్రి నక్క కథ. అలా పదకొండు రాత్రులు గడిచాయి. పన్నెండో రాత్రి ఇదిగో, ఈ కథ చెబుతోంది.

ఏమే, ఊ కొట్టడం మానేశావు?

భయపడకు తల్లీ, నా చెయ్యి పట్టుకో. అమ్మ ఊరి నుంచి ఎప్పుడొస్తుందని రోజూ నన్ను అడుగుతున్నావు కదా. మీ అమ్మ ఏ ఊరూ వెళ్ళలేదు. గుమ్మం అవతల చీకట్లో కూర్చుంది చూడు. రోజూ నువ్వు నిద్రపోయేదాకా అక్కడే కూర్చుంటుంది, లోపలికొస్తే నువ్వు జడుసుకుంటావని రాదు. పొదుపమ్మ అసలు పేరు వరహాలు. అది నా కూతురు.

మొహం గుర్తు రాలేదా? పోనీ, అది వదిలేయ్. నిన్న నీకు దగ్గు తెర వస్తే నీకంటే ముందు లేచిందెవరు? నువ్వు కంచంలో వదిలేసిన ముద్ద పారెయ్యకుండా తిన్నదెవరు? పన్నెండు రోజులు ఆంటీ అంటున్నా ఒక్కసారి కూడా నిన్ను విసుక్కోనిదెవరు? అలాంటి మనిషిని ఏమంటారో నీకు తెలుసు. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు.

ఏమన్నావు? గొణిగితే నాకు వినపడదు.

అమ్మ అంటారా. మరి నాతో చెబుతావేమిటి, నేను అమ్మమ్మని. అటు తిరిగి, గుమ్మం దాకా వినపడేలా పిలువు.

వరహాలూ, ఇక ఏడవకు. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి రా. నీ కూతురు నిన్ను పిలుస్తోంది.

కథ పోయింది కంచి బాటకి,
అమ్మ వచ్చింది పాప మాటకి,
కబుర్లు చాలు ఈ పూటకి.